పురికొసతో మంచం ఎత్తు కొలుచుకురండి

పోయిన మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి బయటికి వస్తుంటే ఫోన్ మోగింది. మూడు వారాల కిందట మా ఆసుపత్రిలో నడుముకు ఆపరేషన్ అయిన ఒకాయన భార్య. ఆయన కృష్ణపట్నం పోర్టుకు లారీ తోలతాడు.

"సిస్టరమ్మా, ఆయన్ని బంగారంలా చూసుకుంటుండాం. కాలు కింద పెట్టనీలేదు. స్నానం మంచం మీదే, అన్నం మంచం మీదే. రెండు రోజుల నుంచి ఎడమ పిక్క వాచింది. ముట్టుకుంటే వేడిగా ఉంది, ముట్టుకోనీడం లేదు. నరం మళ్లీ పట్టేసిందా ఏంది?"

నాకు గుండె జల్లుమంది. "ఆ పిక్క నలపొద్దమ్మా, నూనె రాయొద్దు. ఇప్పుడే బండి మాట్లాడుకుని బయల్దేరండి" అన్నాను. రాత్రి తొమ్మిదింటికి వచ్చారు. డాప్లర్ స్కాన్ తీస్తే కాలి రక్తనాళంలో గడ్డ. మూడు వారాలు కదలకుండా పడుకోబెట్టేసరికి రక్తం అక్కడ గడ్డకట్టింది. అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే పోవచ్చు. రక్తం పలచబడే మందులు మొదలుపెట్టారు, ఇప్పుడు బాగున్నాడు. నడుముకు చేసిన ఆపరేషన్‌లో మాత్రం ఏ లోపమూ లేదు, కాలు లాగడం పూర్తిగా పోయింది.

ఆమెను ఒక్క మాట అనబుద్ధి కాలేదు. మొగుడిని కంటికి రెప్పలా చూసుకుంది. డిశ్చార్జి కాగితంలో 'రెస్ట్' అని ఉంది, మనవైపు రెస్ట్ అంటే పడుకోవడమే కదా. నడవాలని నేను ఆయనకు చెప్పాను, ఆయన తల ఊపాడు. అయితే నేను చెప్పేటప్పుడు ఆమె గదిలో లేదు, మందుల షాపు దగ్గర క్యూలో నిలబడి ఉంది. ఇంట్లో ఆయన్ని చూసుకునేది ఆమె అయినప్పుడు, ఆమె వచ్చేదాకా నేను ఆగాల్సింది. ఆ రాత్రంతా ఇదే తొలిచింది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

నేను నెల్లూరులో నర్సును. 24 ఏళ్ల సర్వీసులో చివరి 14 ఏళ్లు వెన్నెముక వార్డులోనే. పొగతోట వీధుల్లో అడుగుకొక ఆసుపత్రి ఉంటుందని ఈ జిల్లా వాళ్లందరికీ తెలుసు, అలాంటి ఒక ఆసుపత్రిలో ఓపీ పక్కన మా సార్ నాకొక చిన్న గది ఇచ్చారు. ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఇంటికి పోయే ముందు ఒకసారి, ప్రతి కుటుంబమూ నాతో అరగంట కూర్చోవాలి. అదే నా పని.

వెన్నెముక అంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది దర్శి వైపు పల్లె. మా నాయన మెడ తిప్పలేకపోయేవాడు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే బొమ్మను తిప్పినట్టు ఒళ్లంతా తిప్పి చూసేవాడు. వెల్లకిలా పడుకుంటే తల దిండుకు ఆనేది కాదు, కింద రెండు దుప్పట్లు మడిచి పెట్టేవాళ్లం. ఊళ్లో సగం మంది మగవాళ్లు అట్లాగే ఉండేవాళ్లు కాబట్టి వయసొస్తే అందరూ అట్లాగే అవుతారని అనుకునేదాన్ని. అది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. మా దర్శి, పొదిలి తాలూకాలు అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పూసల మధ్య ఉండే కట్లు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్ను మొత్తం ఒకే కర్ర అయిపోతుంది, లోపలి దారి ఇరుకై వెన్నుపామును నొక్కుతుంది.

నాయనకు చివరి నాలుగేళ్లు కాళ్లు కూడా పనిచేయలేదు. అంత గట్టిపడిన ఎముక మీద ఆపరేషన్ ఆయన తట్టుకోలేడని ఒంగోలులో డాక్టరు చెప్పి పంపారు. రెండు గంటలకొకసారి అమ్మ ఆయన్ని పక్కకు తిప్పేది. ఎవరూ ఆమెకు నేర్పలేదు. నాలుగేళ్లలో ఆయన వీపు మీద ఒక్క పుండు పడలేదు. నర్సింగ్ కాలేజీలో అదే పాఠం పుస్తకంలో చదివినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇక అసలు విషయం. నా గదిలోకి వచ్చే వాళ్లలో ఎక్కువమంది చేతిలో ఎంఆర్ఐ రిపోర్టు, ముఖంలో టెన్షన్. "మూడు డిస్కులు జారినాయంట సిస్టర్, ఇంక నా పని అయిపోయినట్టేనా?" అంటారు. రిపోర్టును అంతగా నమ్మకండి. నలభై దాటినవాళ్లకు, ఏ నొప్పీ లేనివాళ్లకైనా సరే, ఎంఆర్ఐ తీస్తే సగం మందికైనా ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. డాక్టరు చూసేది ఆ ఉబ్బు మీ కాలి నొప్పికి సరిపోతుందా లేదా అని. అందుకే కాలు పైకెత్తించి, బొటనవేలు పైకి లేపమని, మడమల మీద నడవమని పరీక్ష చేస్తారు.

డిస్క్ అంటే ఏంటో పూర్ణం బూరెతో చెబుతాను. పూసకూ పూసకూ మధ్య ఒక మెత్తటి దిండు ఉంటుంది. పైన గట్టి తొక్క, లోపల జిగురులాంటి పదార్థం. తొక్క ఒకచోట చిట్లితే బూరెలోంచి పూర్ణం వచ్చినట్టు లోపలిది బయటికొచ్చి, పక్కనే పోయే నరం మీద పడుతుంది. నడుం కింద చివరి రెండు దిండ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే ఒంటి బరువంతా మోసేది, వంగినప్పుడు ఎక్కువ కదిలేది అవే. నరం కాల్లోకి పోతుంది కాబట్టి నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా కరెంటులా లాగుతుంది. మంచి సంగతి ఏంటంటే, బయటికొచ్చిన ఆ ముక్కను చాలామందిలో ఒళ్లే కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. అందుకే ఎక్కువమందికి ఆరు వారాల నుంచి మూడు నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. నరాలు ఆరోగ్యంగా ఉన్నంతవరకు మా సార్ కూడా ఆ వారాలు ఆగుదామనే అంటారు.

ఆ మధ్య కాలంలో మనవాళ్లు చేసే పనులే నాకు భయం. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించడం ఒకటి. పూస జరిగింది ఎక్కిస్తానని మెలి తిప్పడం ఇంకొకటి. కండ పట్టేసిన నొప్పి ఎట్లాగూ నాలుగు రోజుల్లో పోతుంది కాబట్టి, తొక్కిస్తే పోయిందనుకుంటారు. ఆ లోపల పూస విరిగి ఉన్నా, టీబీ పట్టి ఉన్నా, ఆ తొక్కుడుకు కాళ్లు పడిపోవచ్చు.

అవును, వెన్నుకు టీబీ వస్తుంది. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే డిస్క్ అని ఊరుకోవద్దు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తుంది. వెన్ను టీబీకి మందులు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. ఇంటి పరువు పోతుందని దాచేవాళ్లను చూశాను. దాస్తే పోయేది నడక.

వయసు మళ్లినవాళ్ల సంగతి వేరు. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్‌లో పనిచేసే ఒక పెద్దాయన వచ్చాడు. యాభై అడుగులు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి కూర్చోవాల్సి వస్తోంది. సైకిల్ మీద మాత్రం ఎంత దూరమైనా పోతాడు. ఇంట్లో వాళ్లు ఆయన సాకులు చెబుతున్నాడని అనుకున్నారు. నిజానికి ఆయన మాటల్లోనే జబ్బు ఉంది. వయసుతో నరాలు పోయే దారి ఇరుకవుతుంది. నిటారుగా నిలబడితే ఆ దారి మరింత బిగుసుకుంటుంది, ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. సైకిల్ మీద మనిషి ముందుకు వంగే కదా ఉంటాడు. ఆ పెద్దాయన కోడలు ఇది విని ఏడ్చింది. "మామా, అన్ని మాటలన్నాం నిన్ను" అని చేతులు పట్టుకుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఇంట్లో ఆడవాళ్లకు కూడా చదివి వినిపించండి. అల్లూరు వైపు నుంచి నాట్లు వేసే ఒకామెను తీసుకొచ్చారు. నెలగా నడుం నొప్పి, కాలు లాగుడు. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు చెవి దగ్గరకొచ్చి చెప్పింది. నాలుగు రోజుల నుంచి ఒంటికి పోవడం తెలియడం లేదట, చీర తడిసిపోతోందట. కూర్చుంటే కింద స్పర్శ లేదట. ఎవరికి చెప్పుకోవాలో తెలియక గుడ్డలు పెట్టుకుని నాట్లకు పోయింది. పెద్ద డిస్క్ ముక్క నరాల గుత్తి మొత్తాన్నీ ఒకేసారి నొక్కేస్తే అట్లా అవుతుంది. అది గంటలు లెక్కపెట్టుకునే ఎమర్జెన్సీ. ఒకటి రెండు రోజుల్లో నరాల మీద ఒత్తిడి తీసేస్తే కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. ఆమెకు ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. కాళ్లు బాగుపడ్డాయి. మూత్రం మాత్రం ఈరోజుకీ రోజుకు నాలుగైదుసార్లు సన్నటి గొట్టంతో తనే తీసుకుంటుంది, ఎట్లా తీసుకోవాలో నేనే నేర్పాను. నాలుగు రోజుల సిగ్గు అది.

కాబట్టి మూత్రం, దొడ్డికి మీద అదుపు తప్పినా, మూత్రం రాక కడుపు ఉబ్బినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. మెడలో నరాలు నొక్కుకుంటే గుర్తులు ఇంకోలా ఉంటాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అన్నం ముద్ద వేళ్లలోంచి జారడం, తాగినవాడిలా తూలడం. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి అందరూ ఆలస్యం చేస్తారు.

"వెన్నుకు ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయంట కదా" అని అడగని మనిషి నాకు ఇంతవరకు కనపడలేదు. నిజం చెబుతాను. ప్రమాదం అసలు లేదని ఏ నర్సూ చెప్పకూడదు, కానీ అది చాలా తక్కువ. కాళ్లు పడిపోయిన స్థితిలో నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ భయంతోనే ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వచ్చినవాళ్లు. ఇంకో నిజం కూడా ముందే తెలుసుకోండి. డిస్క్ ఆపరేషన్ కాలి నొప్పిని బాగా తీసేస్తుంది. నడుం నొప్పి కొంత మిగలవచ్చు. ఇది తెలియక "ఆపరేషన్ ఫెయిలయింది" అని ఊరంతా చెప్పుకుని బాధపడేవాళ్లు ఉన్నారు.

ఆపరేషన్‌కు ముందు సంగతులు త్వరగా చెప్పేస్తాను. షుగర్ అదుపులోకి రావాలి, లేకపోతే గాయం చీము పడుతుంది. గుండెకు వాడే రక్తం పలచబడే మాత్రలు ఉంటే చెప్పాలి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెబుతారు. నొప్పులకు ఊళ్లో ఇచ్చే పొట్లాలు వాడుతుంటే అవి కూడా తెచ్చి చూపించండి, వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే ఒక్కసారిగా మానడం ప్రమాదం. బీడీ, సిగరెట్ మానాలి. స్క్రూలు, రాడ్లు వేసే ఆపరేషన్ అయితే ఎముక అతుక్కోవాలి, నికోటిన్ అతుక్కోనివ్వదు. చుట్ట కూడా అంతే, పెద్దాయనలు చుట్టను లెక్కలో వేయరు. ప్రభుత్వ వైద్య సేవ కార్డు మీద ఈ ఆపరేషన్లు చాలావరకు జరుగుతాయి, కౌంటర్ దగ్గర ముందుగానే అడగండి.

ఇప్పుడు ఇంటి సంగతి. నాకు ఇది నేర్పింది కోవూరు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. చాలా ఏళ్ల కిందటి మాట. డిశ్చార్జి రోజు ఆమె కొడుక్కి అన్నీ చెప్పాను. బెంగళూరులో ఉద్యోగం, చదువుకున్న పిల్లాడు, శ్రద్ధగా రాసుకున్నాడు. వంగకూడదు, బరువెత్తకూడదు. తొమ్మిదో రోజు ఆమెను మళ్లీ స్ట్రెచర్ మీద తెచ్చారు. అదే చోట డిస్క్ మళ్లీ బయటికొచ్చింది. రెండో ఆపరేషన్. ఏం చేశావు పెద్దమ్మా అంటే, "నువ్వు వంగొద్దంటివి, వంగలేదు. గొంతుకూర్చుని బిందె చంకనెత్తుకున్నా" అంది. మరి బరువు ఎత్తొద్దన్నాను కదా అంటే నా ముఖం చూసి "బరువేముంది, నీళ్లే కదమ్మా" అంది.

ఆమె అబద్ధం ఆడలేదు. ఆమె లెక్కలో బరువంటే వడ్ల బస్తా. బిందె బరువు కాదు, రోజూ చేసే పని. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలని నేను చెప్పలేదు. కొడుకు మూడో రోజే బెంగళూరు వెళ్లిపోయాడని, కుళాయి తెల్లవారుజామున వస్తుందని, ఇంట్లో ఇంకెవరూ లేరని నేను అడగలేదు. ఆమెకు రెండోసారి కోత పడడంలో నా పాలు ఉంది.

అప్పటి నుంచి సలహా చెప్పే ముందు ఇల్లు అడుగుతున్నాను. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరు పడతారు? లెట్రిన్ ఇంట్లోనా, దొడ్లోనా? గడప ఎంత ఎత్తు? గేదె ఉందా, పాలు ఎవరు పితుకుతారు? పొయ్యి గట్టు మీదా, నేల మీదా? ఇంకొకటి, ఆపరేషన్‌కు వచ్చేటప్పుడు ఇంట్లో మంచం ఎత్తు పురికొసతో కొలిచి, ముడి వేసి తెమ్మంటాను. టేపులు అందరి ఇళ్లలో ఉండవు, పురికొస ఉంటుంది.

ఆ పురికొసను పేషెంటు మోకాలి పక్కన పెట్టి చూస్తాను. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కన్నా పైకి రాకూడదు. ముడి మోకాలి కన్నా కిందికి ఉంటే మంచం కోళ్ల కింద ఇటుకలో చెక్కలో పెట్టమని చెబుతాను. నులక మంచం, సాగిపోయిన నవారు మంచం ఆరు వారాలు వద్దు, ఒళ్లు గుంటలో పడుతుంది. నేల మీద పడుకుంటే నడుముకు మంచిదని చాలామంది అంటారు. నేల గట్టిదే, కానీ నేల మీద నుంచి లేవడమే కొత్త కుట్లకు పెద్ద పరీక్ష. మామూలు గట్టి పరుపు చాలు.

లేవడం ఆపరేషన్‌కు ముందే నేర్పిస్తాను. వెల్లకిలా ఉన్నవాళ్లు తిన్నగా లేవకూడదు. ముందు భుజం, తుంటి ఒకేసారి కదిలేలా దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి. కాళ్లు మంచం కిందికి దించాలి. కింది మోచేయి, పై అరచేయి పరుపుకు ఆనించి నొక్కుతూ లేచి కూర్చోవాలి. ఒక నిమిషం ఆగాలి, కళ్లు తిరగడం పోయాక నిలబడాలి. పడుకోవడం ఇదే వెనక నుంచి. తోడున్నవాళ్లు చంకల కింద చేతులు వేసి లాగొద్దు.

కింద కూర్చునే లెట్రిన్ అయితే కమోడ్ కుర్చీ అద్దెకైనా తెచ్చుకోండి. నొప్పి మాత్రలకు మలబద్ధకం తప్పదు. ముక్కితే నడుములో నొప్పి పెరుగుతుంది, కాబట్టి నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు. పథ్యం పేరుతో వట్టి కారం అన్నం పెట్టొద్దని బతిమాలుతున్నాను. పప్పు తింటే చీము పడుతుందని మన జిల్లాల్లో ఎంత నమ్మకమో నాకు తెలుసు, మా అమ్మ కూడా నమ్మేది. కోత మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, చేపల పులుసు పెట్టండి. గాయం మీద మాత్రం పసుపు, బూడిద, నూనె ఏదీ వద్దు. కుట్లు తీసేదాకా, అంటే పది నుంచి పద్నాలుగు రోజులు, గాయం తడవనీయొద్దు.

నడక గురించి. డిస్క్ ఆపరేషన్ అయితే అదే రోజో మర్నాడో మేమే నడిపిస్తాం. ఇంటికి పోయాక మొదటి వారం అయిదు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు, చదునైన నేల మీద. వారం వారం కొంచెం పెంచుకుంటూ ఆరో వారానికి అరగంటకు చేరాలి. మన ఎండలకు తెల్లవారుజామున, పొద్దుగూకాక నడవండి. నడకకూ నడకకూ మధ్య పడుకోవచ్చు, తప్పు లేదు. ఎక్కువసేపు కూర్చోవడమే తప్పు, మొదటి వారాల్లో ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు మించొద్దు. ఆత్మకూరో కావలో పోయేవాళ్లు కారు ముందు సీటు కాస్త వెనక్కి వాల్చి కూర్చుని, మధ్యలో ఒకటి రెండుసార్లు దిగి నాలుగడుగులు వేయాలి. ఆటో వద్దు. బెల్టు డాక్టరు చెప్పినన్ని రోజులే, జీవితాంతం కట్టుకుంటే నడుం కండలు పని మరిచిపోతాయి.

బరువు విషయం ఇప్పుడు కిలోల్లో చెబుతున్నాను. ఆరు వారాలు రెండు మూడు కిలోలు దాటొద్దు. చిన్న చెంబెడు నీళ్లు సరే, బిందె కాదు. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు దానికి వేరే. మనవడిని ఎత్తుకోవద్దు, మీరు కుర్చీలో కూర్చుంటే పిల్లాడే వచ్చి పక్కన కూర్చుంటాడు. పొట్టి చీపురు, కల్లాపి, కత్తిపీట, నేల మీద బట్టలు ఉతకడం, ఇవన్నీ వంగడమే. నడుం వంచి మెలి తిరగడం అన్నిటికన్నా చెడ్డది, తడి బట్టల బకెట్ ఎత్తి పక్కకు తిరగడం లాంటిది.

ఈ మాట రాసేటప్పుడు నాకు ఎప్పుడూ కోపం వస్తుంది. మగ పేషెంటుకు చుట్టూ నలుగురుంటారు. ఆడ పేషెంటు నా గదిలో కూర్చుని అన్నిటికీ "సరే సిస్టరమ్మా" అంటుంది, ఆ పనులు ఎవరు చేస్తారని అడిగితే నేల చూస్తుంది. అందుకే భర్తను, అత్తగారిని, కొడుకును పిలిపించి కూర్చోబెడతాను. "అబ్బయ్యా, బిందెలు ఎవరు మోస్తారు? పేరు చెప్పు" అంటాను. పేరు చెప్పేదాకా వదలను. ఇంట్లో గోడ క్యాలెండరు మీద 42 రోజులు గీతలు కొట్టమంటాను. గీత పడనిచోట ఏం జరిగిందో ఫోన్‌లో అడుగుతాను.

నొప్పి ఏ వరసలో పోతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కాలి లాగుడు ముందు పోతుంది, కొందరికి మత్తు దిగగానే. బలం నెమ్మదిగా వస్తుంది. తిమ్మిరి అన్నిటికన్నా ఆఖరున. దెబ్బతిన్న నరం మళ్లీ పెరగాల్సి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, కాబట్టి నెలలు పడుతుంది. రెండో మూడో వారంలో నొప్పి మళ్లీ కాస్త తల ఎత్తవచ్చు, ఎక్కువ నడిచిన మర్నాడు కూడా. రెండు రోజుల్లో తగ్గితే భయపడొద్దు. నరాల మాత్రలకు మగత, తూలడం ఉంటాయి, రాత్రి లెట్రిన్‌కు లేచేటప్పుడు ఎవరైనా పక్కన ఉండాలి. తగ్గిందని వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. నడుం నొప్పని పక్కింటామెకు రెండు ఇవ్వొద్దు.

జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి కారినా, గాయంలోంచి నీళ్లలాంటిది వచ్చి కూర్చోగానే తలనొప్పి పుట్టినా, పిక్క వాచినా ఆరోజే ఫోన్ చేయండి. ఆయాసం, గుండెల్లో నొప్పి ఒక్కసారిగా వచ్చినా, ముందు చెప్పిన మూత్రం, స్పర్శ గుర్తులు కనిపించినా ఫోన్‌తో ఆగకుండా వచ్చేయండి.

కుర్చీ ఉద్యోగానికి డిస్క్ ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు వారాల్లో చాలామంది వెళ్లగలుగుతారు. పొలం పని, లారీ, గ్రానైట్ క్వారీ పని అయితే మూడు నెలలైనా ఆగాలి. స్క్రూలు వేసినవాళ్లకు ఎముక అతుక్కోవడానికే మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది. భార్యాభర్తల సంగతి ఎవరూ అడగరు, గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కొచ్చి నిలబడతారు. అప్పుడు నేనే చెబుతాను. గాయం మానాక, కొన్ని వారాలకు, నొప్పి లేకపోతే తప్పేమీ లేదు. నడుముకు శ్రమ పడకుండా, ఆపరేషన్ అయినవాళ్లు వెల్లకిలా పడుకుని ఉంటే సరి.

లారీ ఆయన భార్య నిన్న మళ్లీ ఫోన్ చేసింది. పిక్క వాపు తగ్గిందట. డాక్టరు చెప్పినట్టే పొద్దున వీధి చివరి వేపచెట్టు దాకా, సాయంత్రం ఇంకొంచెం నడుస్తున్నాడట, ఆమె పక్కనే కుర్చీ పట్టుకుని పోతోందట. కుర్చీ ఎందుకమ్మా అంటే అలిసిపోతే కూర్చోబెట్టడానికట. కుర్చీ ఇంటి దగ్గరే పెట్టమన్నాను, అలిసిపోతే చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడితే చాలు. ఇంతలో తననూ నీళ్లు బాగా తాగమని చెప్పి, రాత్రిళ్లు నిద్రపోతోందా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నిద్ర లేదని చెప్పింది. ఆదివారం ఆమె చెల్లెల్ని వచ్చి రెండు రోజులు ఉండమని నేను ఫోన్ చేసి చెబుతానన్నాను, నంబరు ఇచ్చింది.

రేపు రాపూరు నుంచి ఒక అవ్వ చేరుతోంది, ఎల్లుండి ఆపరేషన్. ఆమె మనవడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. పురికొస మంచానికి ఒకటి, దొడ్లో లెట్రిన్ మెట్టుకు ఒకటి, రెండూ కొలిచాడట. ఏది ఏదో కలిసిపోకుండా మెట్టు దానికి రెండు ముడులు వేశాడట.